కామేశ్వరి గారి బ్రేకు గొట్టాలు

శాన్ రామన్‌లో ఏ తెలుగువాళ్లింట్లో ఏ వేడుక జరిగినా రాజగోపాల్, కామేశ్వరి దంపతులు రెండు కార్లలో వస్తారు. ముందు ఆయన తెల్ల కారు, వెనకాలే ఆవిడ నీలం కారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి, పాపం ఇద్దరికీ పడదు కాబోలు అనుకుంటారు. అదేం కాదు. ఆయన కాఫీ కలిపి ఇవ్వనిదే ఆవిడకి తెల్లవారదు, ఆవిడ పక్కన కూర్చోనిదే ఆయనకి టీవీలో వార్తలు ఎక్కవు. చిక్కల్లా స్టీరింగు దగ్గరే.

ఆవిడ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చోవడం రాజగోపాల్ వల్ల కాదు. కారు సందు మలుపు తిరక్క ముందే ఆయన కుడికాలు కిందున్న పట్టామీద లేని బ్రేకు కోసం వెతకడం మొదలెడుతుంది. ఎర్ర దీపం ఇంకా ఫర్లాంగు దూరంలో ఉండగానే గట్టిగా నేలని తొక్కేస్తాడు. ఒక చెయ్యి తలుపు పైనున్న పిడిని వదలదు. నోటితో ఒక్క మాటా అనడు, అదే పెద్ద బాధ. అందుకని ఎప్పుడూ ఆయనే నడిపేవాడు, పక్కన కూర్చుని కూర్చుని కామేశ్వరికి ఒకరోజు విసుగెత్తింది. అప్పట్నుంచీ రెండు కార్లు.

నిజం చెప్పాలంటే ముప్పై తొమ్మిదేళ్లలో ఆవిడ కారుకి ఒక్క గీత పడలేదు. ఆయన కారుకి మాత్రం రెండుసార్లు బంపరు మార్చారు. ఈ మాట ఎత్తితే ఆయన "అది వేరులే" అంటాడు. ఏం వేరో ఇంతవరకూ చెప్పలేదు.

కామేశ్వరి మత్తు డాక్టరు. కాకినాడలో చదివి, ఇక్కడికొచ్చి మళ్లీ చదివి, ముప్పై ఒక్కేళ్లు ఒకే ఆసుపత్రిలో పనిచేసి రిటైరయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆవిడ "ఇంక పడుకోండి" అంటే పడుకున్నారు. తమ ప్రాణం ఆవిడ చేతిలో పెట్టి, రెండో మాట అడక్కుండా కళ్లు మూసుకున్నారు. కట్టుకున్నవాడు మాత్రం పాల ప్యాకెట్టు కోసం కూడా ఆవిడ బండెక్కడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇది నవ్వులాటగానే ఉండేది. రిటైరయ్యాక నవ్వు తగ్గిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఈ మనిషి నా పక్కన నిమ్మళంగా కూర్చుంటే చాలు అనిపించడం మొదలైంది. ఇంత వయసొచ్చాక ఇదేం కోరిక అని తనని తానే తిట్టుకుంది కానీ, కోరిక పోలేదు.

ఆ రోజుల్లోనే ఆవిడ ఇంటికి 1953 నాటి షెవర్లే ఒకటి వచ్చింది. ఆవిడతో పాతికేళ్లు పనిచేసిన ఎముకల డాక్టరు ఇల్లు అమ్ముకుని వేరే రాష్ట్రానికి పోతూ, గరాజులో ముక్కలుగా పడి ఉన్నదాన్ని "నువ్వైతే బాగు చేస్తావు" అని అంటగట్టాడు. కామేశ్వరి దాన్ని చూసి భయపడలేదు. కమ్యూనిటీ కాలేజీలో ఆటో క్లాసుకి చేరింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మధ్య, చీర కొంగు కాదు గాని జుట్టు బిగించి ముడేసుకుని, రెండు సెమిస్టర్లు నేర్చుకుంది. ఇంజను పనీ రంగు పనీ హేవర్డ్‌లో ఒక షాపు వాళ్లకి అప్పజెప్పింది. కొత్త ఇంజనూ, ముందు సీటుకి బెల్టులూ పెట్టించింది. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు పెట్టించి, వెనక పాత డ్రమ్ము బ్రేకులే ఉంచింది. ఒళ్లు పాతది, లోపల అవయవాలు కొత్తవి. పెడల్ నుంచి చక్రాల దాకా నూనె మోసుకెళ్లే బ్రేకు గొట్టాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

"అవి నేనే వేస్తాను" అంది.

"వేసేవాళ్లున్నారుగా కామూ" అన్నాడు రాజగోపాల్.

"నేను వేస్తే మీరు ఎక్కరా?"

ఆయన ఉప్మా ప్లేటు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

గొట్టం ఏ సైజుది వెయ్యాలన్నదే మొదటి ప్రశ్న. అంగడిలో రెండు రకాలున్నాయి. ఒకటి పావు అంగుళం లావు. రెండోది దానికంటే ఓ పిసరు సన్నం. అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో మూడు. కౌంటరు వెనక తెల్లగడ్డం పెద్దమనిషి ఆవిడ చెప్పిందంతా విని, "ముందు డిస్కులూ వెనక డ్రమ్ములూ కదా, అన్నిటికీ సన్నదే వేసుకోండి, ఎప్పుడూ దానితోనే పోతుంది" అన్నాడు. అంత ముఖ్యమైన సంగతిని అంత తేలిగ్గా చెప్పేసరికి కామేశ్వరికి ఆయన మీద గురి కుదరలేదు.

ఎందుకంటే గొట్టాల సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆపరేషను బల్ల మీద మనిషికి రక్తం పోతుంటే సన్న సూది పెట్టిన జూనియర్లని ఆవిడ ఎన్ని చీవాట్లు పెట్టిందో లెక్కలేదు. గొట్టం వెడల్పు రెట్టింపైతే అందులోంచి పారేది పదహారు రెట్లవుతుంది. ఇది ఆవిడ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. బండి వెంటనే ఆగాలి. ఆగాలంటే నూనె వెంటనే చక్రానికి చేరాలి. చేరాలంటే గొట్టం లావుండాలి. ఇందులో తప్పెక్కడుంది? గడ్డం పెద్దమనిషికి థాంక్స్ చెప్పి పావు అంగుళం గొట్టం చుట్టలు రెండు కారులో వేసుకుని వచ్చేసింది.

తర్వాతి నెలన్నర ఆ ఇంట్లో వంటసామాను నిలకడగా ఉండలేదు. గొట్టం నలక్కుండా వంచాలంటే గుండ్రటి వస్తువుకి చుట్టి వంచాలి. పెద్ద మలుపుకి పోపుల డబ్బా, చిన్న మలుపుకి అప్పడాల కర్ర, ఆ మధ్యరకానికి కాఫీ ఫిల్టరు. పొద్దున్నే రాజగోపాల్ ఫిల్టరు వెతుక్కుంటూ గరాజులోకి వస్తే, కారు కింద నుంచి రెండు కాళ్లు కనబడేవి. గొట్టం కొసని గొడుగులా విప్పి, మళ్లీ లోపలికి మడిచే పని ఒకటుంది. అది ఏ మాత్రం వంకర పోయినా నూనె కారుతుంది. మొదటి పాతిక కొసలూ చెత్తబుట్టలోకి పోయాయి. ఇరవయ్యారోది కుదిరింది. అది తీసుకొచ్చి మొగుడికి చూపించింది. ఆయన రిటైరు కాకముందు కంప్యూటరు చిప్పులు చేసే కంపెనీలో క్వాలిటీ విభాగం చూసినవాడు. కళ్లజోడు పైకి తోసి, దీపం కింద తిప్పితిప్పి చూసి, "బాగానే ఉంది" అన్నాడు. ఆయన నోట బాగానే ఉందన్న మాట రావడమంటే తక్కువ సంగతి కాదు.

గొట్టాలు వేశాక వాటిలో గాలి లేకుండా తీసెయ్యాలి. నూనె నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. ఎక్కడైనా ఒక్క బుడగ మిగిలినా పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర తిప్పడం దీనికి మామూలు పద్ధతి. తొక్కమని రాజగోపాల్‌ని అడగడానికి ఆవిడకి మొహం చెల్లలేదు. చేత్తో లాగే చిన్న పంపు ఒకటి కొని ఒక్కతే ఆ పని కానిచ్చింది. నాలుగుసార్లు చేస్తే పెడల్ గట్టిపడింది.

ఇంతలో కార్తీక మాసం వచ్చింది. వనభోజనాలు కాస్ట్రో వ్యాలీ వైపు చెరువు పక్కనున్న పార్కులో పెట్టుకున్నారు. ఎవరేం వండాలో తేల్చడానికి ఆడవాళ్లంతా కామేశ్వరింట్లో చేరినప్పుడు, ఆ గుంపుకి పెద్దదిక్కులాంటి వసంతలక్ష్మి గరాజులో తొంగిచూసి కేకేసింది.

"వదినా! బండి రెడీ అయిపోయిందే! వనభోజనాలకి ఇందులోనే వస్తున్నారా?"

"వస్తున్నా. పులిహోర కూడా ఇందులోనే" అంది కామేశ్వరి.

"మరి అన్నయ్యగారో?"

గదిలో అందరూ రాజగోపాల్ వైపు తిరిగారు. ఆయన టీ కప్పు బల్లమీద పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"బ్రేకులు పడితే వస్తా" అన్నాడు చివరికి.

అందరూ చప్పట్లు కొట్టారు. వసంతలక్ష్మి ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. నూట నలభై మందికి తెలిసిపోయింది. ఆ వారం రోజులూ కామేశ్వరి గరాజులోకి ఊరికే వెళ్లి ఊరికే వచ్చేది. శుక్రవారం సాయంత్రం పెడల్ తొక్కి చూస్తే గట్టిగా ఉంది. శనివారం పులిహోర పోపు వేస్తూ కూనిరాగం తీసింది.

ఆదివారం పొద్దున వాళ్లిల్లు దారిలోనే కాబట్టి అందరూ అక్కడే కలిశారు. తొమ్మిది కార్లు వరసగా ఆగాయి. ఫోన్లు పట్టుకుని వీడియోలు తీయడానికి నిలబడ్డారు. రాత్రే బయటికి తీసి పెట్టిన ఆకుపచ్చ షెవర్లే రంగు వేసుకుని, తళతళలాడుతూ గరాజు ముందు నిలబడి ఉంది. వెనక సీట్లో పులిహోర గిన్నె. ముందు సీట్లో, స్వెట్టరు గుండీలన్నీ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, ఇంజెక్షనుకి వచ్చిన పిల్లాడిలా రాజగోపాల్.

కామేశ్వరి ఎక్కి కూర్చుంది. రాత్రి ఎంత బాగా చూసుకున్నా, పొద్దున రోగిని తెచ్చే ముందు యంత్రాన్ని మళ్లీ మొదట్నుంచీ చూసుకోవడం ఆవిడ అలవాటు. ఆ అలవాటుతోనే బండి స్టార్ట్ చెయ్యకుండా పెడల్ మీద కాలేసింది.

పెడల్ సగం దాకా మెత్తగా దిగిపోయింది.

వదిలి మళ్లీ తొక్కింది. ఈసారి గట్టిగా ఉంది. కాసేపాగి తొక్కింది. మళ్లీ మెత్తగా దిగింది.

బయట వసంతలక్ష్మి "పోనివ్వండి వదినా!" అని అరుస్తోంది. కామేశ్వరి అద్దం దించి సంగతి చెప్పింది. ఫ్రీమాంట్ నుంచి వచ్చిన అనూప్ అనే సాఫ్ట్‌వేరు కుర్రాడు ముందుకొచ్చాడు.

"ఆంటీ, సెకండ్ టైమ్ పడుతోంది కదా? స్లోగా పోదాం. నేను ముందు డ్రైవ్ చేస్తా, హజార్డ్ లైట్స్ వేసుకుని."

"అవును వదినా, రెండుసార్లు తొక్కితే సరి! మా పాత వ్యాన్ అంతే, నాలుగేళ్లు అలాగే నడిపాం" అంది వసంతలక్ష్మి.

కామేశ్వరి మనసు నిజంగానే లాగింది. అబద్ధమెందుకు, బాగా లాగింది. మనిషి ఎక్కి కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు దిగితే మళ్లీ ఈ జన్మలో ఎక్కుతాడో లేదో. తొమ్మిది మైళ్లు కూడా లేదు. రెండుసార్లు తొక్కితే ఆగుతుంది. ఎవరికీ ఏమీ కాదు, నూటికి తొంభై తొమ్మిదిసార్లు.

"ఏవండీ, దిగండి" అంది.

"ఏం?"

"బండి తియ్యను. కొండ దిగేప్పుడు రెండోసారి తొక్కడానికి టైముండదు."

ఆ మాట చెప్పడానికి ఆవిడ ఎంత కష్టపడిందో ఎవరికీ తెలియదు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఎవరో "డాక్టరుగారి పేషెంటు లేవలేదు" అన్నారు, నలుగురు నవ్వారు. రాజగోపాల్ మాత్రం బెల్టు విప్పి, దిగి, పులిహోర గిన్నె రెండు చేతులా ఎత్తి తన తెల్ల కారులో పెట్టుకున్నాడు. ముందు తెల్ల కారు, వెనక నీలం కారు. దారంతా కామేశ్వరికి ముందు కారు వెనక అద్దంలో ఆయన తల కనబడుతూనే ఉంది.

పార్కులో ఉసిరి చెట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక పెద్ద ఓక్ చెట్టు మొదట్లో ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్టు పళ్లెంలో పోసి, పసుపు కుంకుమలు వేసి దణ్ణం పెట్టుకుని విస్తళ్ల ముందు కూర్చున్నారు. కామేశ్వరి పక్కన నమ్రత కూర్చుంది. వీధి చివర్లో ఉండే అమ్మాయి. ఆ పిల్ల అవతల వాళ్ల నాన్న పాపయ్య. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీ బ్రేకులు చేసిన మనిషి. కూతుర్ని చూద్దామని ఆర్నెల్ల వీసా మీద వచ్చి, తోచక, వీధిలో నలుగురి గరాజు తలుపులు బాగుచేసి పెట్టాడు. పొద్దున జరిగింది కూతురి దగ్గర విన్నట్టున్నాడు. పెరుగన్నం దాకా ఓపికపట్టి, అప్పుడు అడిగాడు.

"డాక్టరమ్మగారూ, మొన్న గట్టిగా ఉండి ఇయ్యాల మెత్తబడిందంటగా. నూనె కారిందా ఎక్కడన్నా?"

"చుక్క కూడా లేదండీ."

"అయితే గాలే. నిలబెట్టినాక చిన్నయ్యన్నీ పోగయి ఒక్కటైంటయ్యి. గొట్టం ఎనక్కి పోయేకాడ పైకిలేసి దిగుద్దా ఎక్కడన్నా?"

"వెనక ఇరుసు పైనుంచి తీసుకెళ్లాను."

"ఎన్ని సూతుల గొట్టం?"

కామేశ్వరి తెల్లమొహం వేసింది. నమ్రత అందుకుంది. "ఆంటీ, నాన్న లెక్కలో ఇంచికి ఎయిట్ సూతులు."

"అయితే రెండు సూతులు, పాపయ్యగారూ. పావు అంగుళం."

"రెండా! ఒకటిన్నర చాలదా తల్లీ? ఎందుకంత లావు ఏశారు?"

"నూనె త్వరగా పారాలని."

పాపయ్య నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అడిగాడు. "యాడికి పారుద్దమ్మా? అవతల మూసేసి ఉందిగా."

కామేశ్వరి చేతిలో ముద్ద మళ్లీ విస్తట్లో పెట్టింది.

"ఇది పంటకాలవ కాదమ్మా. ఈ కొసన నొక్కితే ఆ కొసన నొక్కుద్ది, అంతే. నూనె కదిలేది ఓ గోరంత. సన్నమైనా లావైనా నొక్కుడు ఒకటే. లావు గొట్టంలో బుడగ కూసోటానికి చోటెక్కువ, అదీ తేడా."

పక్కన పిల్లలు తాగేసిన గ్లాసుల్లోంచి రెండు స్ట్రాలు తీసుకున్నాడు. ఒకటి జ్యూసు తాగే సన్నది, ఇంకోటి బోబా టీ తాగే లావుది. రెండూ లోపల కనబడే రకం. రెండిట్లోనూ నీళ్లూ కాస్త గాలీ కలిపి పీల్చి, కొస కిందికి వాల్చి, పై నుంచి మెల్లగా ఊదాడు. సన్న స్ట్రాలో బుడగ నీళ్లతో పాటే జరిగి బయటపడింది. లావు స్ట్రాలో నీళ్లు బుడగని తప్పుకుని పక్క నుంచి జారిపోయాయి. బుడగ కదలకుండా పైనే కూర్చుంది.

కామేశ్వరి ఆ స్ట్రా వంక చూస్తూ, "నేను డ్రిప్ అనుకున్నానండీ, ఇది సిరంజి!" అంది. ఆ వెంటనే పగలబడి నవ్వింది. ముప్పై ఒక్కేళ్లు సెలైన్ గొట్టాల్లో బుడగల్ని గోటితో కొట్టి తరిమిన మనిషి, తన బండిలో బుడగకి తనే ఇల్లు కట్టిచ్చింది. కౌంటరు వెనక పెద్దమనిషి చెబితే వినకుండా మరీ కట్టిచ్చింది. నవ్వీ నవ్వీ కళ్లవెంట నీళ్లొచ్చాయి. కాస్త దూరంలో పులిహోర వడ్డిస్తున్న రాజగోపాల్ గరిటె పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

మర్నాడే అంగడికి వెళ్లింది. గడ్డం పెద్దమనిషి సన్న గొట్టం చుట్టలు తీసి బల్లమీద పెట్టాడు. "నేను చెప్పలేదా" అనలేదు. పావు అంగుళంది వేసి వచ్చేవాళ్లు నెలకి ఇద్దరైనా ఉంటారనీ, అందులో డాక్టరు మాత్రం ఆవిడే మొదటి మనిషనీ అన్నాడంతే. కామేశ్వరి నెలన్నర కష్టాన్ని రెండు రోజుల్లో ఊడదీసి పడేసింది. పోపుల డబ్బా, అప్పడాల కర్ర మళ్లీ గరాజుకి వచ్చాయి. ఈసారి కొసలన్నీ మొదటిసారికే కుదిరాయి. ఇరుసు పైనుంచి కాకుండా, గొట్టం లేచిన చోట మళ్లీ దిగకుండా, తిన్నగా తీసుకెళ్లింది.

శనివారం పాపయ్య వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పంపుతో పని కాదమ్మా. కాలు కావాల. తొక్కి పట్టుకునే మనిషి కావాల."

"మీరు తొక్కుతారా?"

"నా మోకాలు అరిగిపోయిందమ్మా. సారున్నారుగా లోపల?"

కామేశ్వరి జవాబు చెప్పేలోపే వంటింటి తలుపు తెరుచుకుంది. రాజగోపాల్ చెప్పులు వేసుకుని వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా షెవర్లే ఎక్కి పెడల్ మీద కాలు పెట్టాడు. అంటే తలుపు వెనక నిలబడి విన్నాడన్నమాట.

ఆవిడ వెనక చక్రం దగ్గర కింద పడుకుని కేకలు మొదలెట్టింది. "తొక్కండి... పట్టుకోండి... ఇంకా పట్టుకోండి... ఇప్పుడు వదలండి." మర తిప్పినప్పుడల్లా సన్న గొట్టంలోంచి నూనె చివాలున వచ్చేది, దానితో పాటే బుడగలు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గంటన్నర పట్టింది. రాజగోపాల్ ఒక్కసారి కూడా ముందూ వెనకా కాలేదు. వదలమన్నప్పుడే వదిలాడు.

"సారు కాలు బాగా సాధన చేసిన కాలులా ఉందే" అన్నాడు పాపయ్య మెచ్చుకోలుగా.

"చాలా ఏళ్ల సాధనండీ. ఇన్నాళ్లూ కింద పెడల్ లేదంతే" అని కారు కింద నుంచి గొంతు వచ్చింది.

రాజగోపాల్ కూడా నవ్వాడు.

కామేశ్వరి తొందరపడలేదు. సోమవారం పొద్దున తొక్కి చూసింది. మంగళవారం తొక్కి చూసింది. మొదటిసారికే గట్టిగా ఉంది. బుధవారం ఒక్కతే ఇంటి చుట్టుపక్కల తిప్పింది. ఖాళీ పార్కింగు లాటులో ఇరవైసార్లు పోనిచ్చి, ఇరవైసార్లు ఆపింది. మొగుణ్ణి మాత్రం రమ్మని అడగలేదు. అడిగి ఎక్కించుకున్నది ఒకసారి అయింది, మళ్లీ అడగకూడదని గట్టిగా అనుకుంది. రాకపోతే పోనీ. బండి ఆగుతోంది, అది చాలు. చాలదని ఆవిడకి తెలుసు, అయినా అలాగే అనుకుంది.

గురువారం పదకొండు గంటలకి నోరిస్ కాన్యన్ రోడ్డు మీద కొండ దిగి చూద్దామని బండి బయటికి తీసింది. అటువైపు తలుపు తెరుచుకుంది. రాజగోపాల్ ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఫోన్లతో వీడియో తీసేవాళ్లెవరూ లేరు. వీధిలో పిల్లి కూడా లేదు.

"పోనీ" అన్నాడు.

ఆయన కాళ్ల వంక చూడకూడదని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. కొండ ఎక్కారు. ఎండకి ఎండిన గడ్డి రెండువైపులా పచ్చగా మారుతోంది, మొన్న వాన పడిందిగా. దిగుడు మొదలైంది. మలుపు తర్వాత మలుపు. ప్రతి మలుపుకీ పెడల్ మెల్లగా తొక్కితే బండి చెప్పినట్టు విన్నది. సగం దిగాక కామేశ్వరి ఉండబట్టలేకపోయింది.

"మీరు మళ్లీ ఎక్కరనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

"మరి?"

రాజగోపాల్ కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "ఆ రోజు నువ్వు బండి తీసుంటే నేను కూర్చునేవాణ్ణి కామూ. మాటిచ్చాను గనక. రెండుసార్లు తొక్కుకుంటూ పార్కుకి కూడా చేరేవాళ్లం. ఆ తర్వాత మళ్లీ నీ కారెక్కేవాణ్ణి కాదు. అంతమంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు, నూట నలభై మందికి తెలుసు, నేను ఎక్కి కూర్చున్నాను. అయినా తియ్యనన్నావు. కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు నా పని అదే కదా, సరుకు బయటికి షిప్ చెయ్యొద్దని చెప్పడం. ఎంత కష్టమో నాకు తెలుసు. సగంసార్లు నేనే చెప్పలేకపోయాను." బెల్టు సర్దుకుని, "నీ చేతిలో అంతమంది తమ ప్రాణం ఎలా పెట్టారో నాకు ఆ పూట అర్థమైంది. ముందే అర్థం కావాల్సింది" అన్నాడు.

ముందు రోడ్డు అలుక్కుపోయినట్టు కనబడింది కామేశ్వరికి. పక్కన కాస్త ఖాళీ జాగా ఉంటే అటు మళ్లించి, ఒకే ఒక్కసారి, మెల్లగా పెడల్ తొక్కింది. షెవర్లే కుదుపైనా లేకుండా నిలబడింది.

"ఎందుకాపావు? ఏమైంది?" అన్నాడు రాజగోపాల్ కంగారుగా.

"ఏం లేదు. బ్రేకులు చూస్తున్నా" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.